లోమడత

రెండు ముక్కల అంచులూ ఫోల్డరు నోట్లోకి పోయాయి. వంకీ తిరిగిన ఆ ఇనుప రేకు లోపల ఒక అంచు ఇటు ముడుచుకుంది, ఇంకొకటి అటు ముడుచుకుంది, ఒకదాని కడుపులోకి ఒకటి దూరాయి. జంట సూదులు టకటకలాడాయి. అవతలి వైపు ప్యాంటు కాలు గొట్టంలా బయటికొచ్చింది. ఓబమ్మ దాన్ని గుట్ట మీదికి విసిరి, చూడకుండానే ఇంకో జత ముక్కలు లాక్కుంది.

కరెంటు పోయింది.

సూదులు సగం దారిలో ఆగిపోయాయి. కౌల్ బజార్ సందులో, పాత బియ్యం గోడౌన్ పైఅంతస్తులో నడిచే ఆ జీన్సు యూనిట్ ఒక్కసారిగా మూగబోయింది. కింద వీధిలో ఆటోల హారన్లు పైకి వినిపించాయి.

"దీని తల్లి..." అని ఓబమ్మ పెడల్ మీంచి కాలు తీసింది.

ఆమె చిన్న మనిషి. ఎడమ భుజం కుడిదానికంటే కిందికి జారి ఉంటుంది. కళ్లజోడుకు ఒక కాడ విరిగితే జీన్సు కుట్టే నారింజ రంగు దారంతోనే కట్టుకుంది. గోళ్ల మొదళ్లలో చేరిన నీలం రంగు సబ్బుకు లొంగడం మానేసి చాలా కాలమైంది. పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా ఆ వేళ్లు చూసి ఈమె జీన్సు పనిది అని చెప్పేయవచ్చు. దారాలు కత్తిరించే పిల్లగా ఈ సందులోకి వచ్చింది. మొగుడు సండూరు గనుల్లో పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. కూతురు సుమ కటింగ్ టేబుల్ కింద పేలికల మీద పడుకుని పెరిగింది. మిషను ఆగితే ఉలిక్కిపడి లేచేది, నడిస్తే నిద్రపోయేది.

ఈరోజు ఓబమ్మకు కావలసింది ఒక్కటే. నాలుగింటికి కంటోన్మెంట్ దగ్గరి ఆస్పత్రిలో డాక్టరమ్మ ఉంటుంది. కప్పగల్లు నుంచి సుమ, దాని అత్త ఉచ్చంగెమ్మ వస్తారు. సుమకు ఐదో నెల. మొన్న స్కానింగ్‌లో బిడ్డ తల పైభాగం మూసుకోలేదని, పుట్టినా బతకదని తేలింది. ఉచ్చంగెమ్మ అప్పుడే తీర్పు చెప్పేసింది. గ్రహణం రోజు కడుపుతో ఉన్నది కాలూ చెయ్యీ ముడవకుండా నిటారుగా పడుకోవాలి, గుడ్డ ముక్క కూడా మడవకూడదు. సుమ మాత్రం చీకటి గదిలో ఉక్కకు తట్టుకోలేక తువాలు మడిచి తల కింద పెట్టుకుంది. తల కింద! అందుకే బిడ్డ తలకు తగిలింది. మాట వినని కోడలు ఇక పుట్టింట్లోనే ఉండనీ అంది.

డాక్టరమ్మ నోటితో ఒక్క మాట చెప్పించాలి. ఇది సుమ తప్పు కాదు అని. అంతే.

జనరేటరు మొదలైంది. ఓబమ్మ గుట్ట వైపు చూసింది. సగం కూడా కాలేదు.

"చక్రధరప్పా, మూడుకి నేను పోవల్ల. పొద్దున్నే చెప్పినా గదా."

యూనిట్ యజమాని చక్రధర్ మెట్ల దగ్గర ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. వాళ్ల నాన్న వేరుశనగ చేలు అమ్మి టిప్పర్లు కొన్నప్పటి నుంచి అతని ప్రాణమంతా ఇనుప ఖనిజం మీదే. ఈ మిషన్లు ఇప్పుడతనికి చిల్లర వ్యవహారం.

"యాడికి పోతావక్కా? సాయంత్రం లోడు ఎత్తాల. ఈ మిషను మీద నువ్వు ఒకదానివే ఉండావు."

"ఆస్పత్రికప్పా. సుమకి..."

"ఏయ్, బండి యాడ నిలిపినాడు వాడు?" అని ఫోన్లోకి అరిచాడు. ఓబమ్మ వైపు చెయ్యి ఊపాడు. "ఆ గుట్ట అయిపోనీక్కా, బేగ పో."

కిటికీలోంచి ఎర్రదుమ్ము వచ్చి తెల్లటి జేబు గుడ్డల మీద వాలుతూనే ఉంది. దులిపితే గీత, తుడిస్తే మరక. ఇది రెండోసారి దులపడం. సూది విరిగింది. మార్చింది. దారం తెగింది. ఎక్కించింది. గోడ మీది గడియారం మాత్రం ఆగలేదు.

పక్కన దారాలు కత్తిరించే బసవ్వ నోట్లో ఆకు నములుతూ చూస్తోంది.

"అక్కా, రేపు టిప్పరుకి కూడా సైడు కుట్టమంటాడేమో ఈయప్ప."

"గమ్మునుండవే. నాకు నవ్వొచ్చేట్టు ఉండాదా?"

"నువ్వు పో. నేను కుడతా."

"నీకు ఈ మిషను రాదు గదే."

"రాకపోతే వంకర వస్తాది. ఇనుపరాయి అమ్మేటోళ్లకి వంకర తెలుస్తాదా? లెయ్ లెయ్."

ఓబమ్మ లేచింది. ఎన్నో ఏళ్లలో సగం కుట్టిన కాలును సూది కింద వదిలి లేవడం ఇదే మొదటిసారి.

ఆటో దొరికింది గానీ దారి దొరకలేదు. ఖనిజం లారీలు టార్పాలిన్లు కప్పుకుని, ఒకదాని వెనకాల ఒకటి, రోడ్డంతా ఆక్రమించి నిలబడ్డాయి. ముందెక్కడో ఒకటి చెడిపోయిందట. ఆటో డ్రైవరు ఇంజను ఆపి బీడీ తీశాడు.

"వేరే సందు లేదా అప్పా?"

"ఉంటే పోనా అక్కా? ఊరికె నిలబడేకి నాకేమన్నా సరదానా?"

ఓబమ్మ దిగేసింది. లారీల పక్కన, రోడ్డు ఎర్రటి అంచు వెంట, పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని దాదాపు పరిగెత్తింది. ఇట్లాంటి లారీ తోలుకుంటూనే అల్లుడు మౌనేష్ రేవుకు పోయాడు. పొద్దున ఫోన్ చేస్తే "అమ్మ ఎట్ల చెప్తే అట్ల అత్తా" అన్నాడు.

ఆస్పత్రి వసారాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ. ఉచ్చంగెమ్మ పొడగరి. నుదుటి మీద విభూతి చెమటకు పగుళ్లు వేసింది. సుమ తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీస్తోంది.

"వచ్చినావా వదినా? నీ కూతురు పొద్దున్నించి నీళ్లు కూడా తాగలేదు. నేనిస్తే తాగదంట. నువ్వన్నా చెప్పు," అంది ఉచ్చంగెమ్మ. గొంతులో కోపం ఉంది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

ముగ్గురూ లోపలికి వెళ్లేసరికి డాక్టర్ సౌందర్య వాచీ చూసుకుంటోంది. ముప్పై దాటని మనిషి, కళ్ల కింద నలుపు. ఓబమ్మ కుర్చీ అంచున కూర్చుని, దారంతా అల్లుకుంటూ వచ్చిన మాటను బయటపెట్టింది.

"డాక్టరమ్మా, ఇట్ల ఎందుకయిందో మా వదినకి అర్థమయ్యేట్టు చెప్పండి. దీని తప్పేమన్నా ఉండాదా?"

"ఎవరి తప్పూ లేదమ్మా." డాక్టరు మందుల చీటీ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి బల్ల మీద పరిచింది. "బిడ్డ మొదట్లో బిడ్డలా ఉండదు. పల్చటి పొరలు, ఒకదాని మీద ఒకటి. ఈ కాగితంలా చదునుగా. గుండె, పేగు, మెదడు, అన్నీ వీటిలోంచే రావాలి. ఎట్లా వస్తాయి? పొరలు వంగి, లోపలికి ముడుచుకుని. అడుగు పొర చుట్టుకుంటే పేగు అవుతుంది. తల పక్కన పొర గుంటలా లోపలికి దిగితే లోపలి చెవి అవుతుంది. వీపు మీద పొరకు మధ్యలో గాడి పడుతుంది. రెండు అంచులూ లేస్తాయి, ఇట్లా."

కాగితం రెండు అంచులూ పైకి లేపి దగ్గరికి తెచ్చింది.

"కలుసుకుంటాయి. గొట్టమవుతుంది. గొట్టం లోపలికి దిగిపోతుంది, పైన చర్మం మూసుకుంటుంది. ఆ గొట్టమే మెదడు, వెన్నుపాము."

ఓబమ్మ కాగితాన్ని చూడలేదు. ఇనుప వంకీ లోపల ఒకదాని కోసం ఒకటి వంగే రెండు అంచులు కనిపించాయి. మొన్నటి నుంచి అందరూ మాట్లాడుతున్న ఆ తెలియని భయం, తెలిసిన పనిలా కళ్ల ముందుకొచ్చింది.

"ఈ బిడ్డకి వెన్ను దగ్గర బాగానే మూసుకుంది." డాక్టరు కాగితం పైకొసను వదిలేసింది. అది విచ్చుకుంది. "తల దగ్గర మడత మూసుకోలేదు."

"విప్పి మళ్ళా కుట్టేకి కాదా?" అంది ఓబమ్మ. "నేను తప్పు కుట్టితే దారం లాగేసి మళ్ళా వేస్తాను."

"బట్ట మీరు విప్పేదాకా ఆగుతుందమ్మా. ఇది ఆగదు. పెరుగుతూనే ముడుచుకోవాలి. ఆ వేళ దాటితే మళ్లీ రాదు."

సుమ మొదటిసారి తలెత్తింది. "దానికి నొప్పి తెలుస్తాందా డాక్టరమ్మా?"

"తెలియదమ్మా," అంది డాక్టరు మెల్లగా.

అప్పుడు ఉచ్చంగెమ్మ లేచి నిలబడింది.

"ఇన్నావా వదినా? మడత. తల దగ్గర మడత. నేను చెప్తే ముసలిదాని చాదస్తమంటిరి. ఇప్పుడు డాక్టరమ్మే అంటాంది గదా!"

"అయ్యో, అది ఆ మడత కాదు!" డాక్టరు గొంతు పెరిగింది. "గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఇది మొదటి నెలలోనే జరిగిపోయింది, కడుపని ఈ అమ్మాయికి తెలియకముందే."

"అదే వదినా," ఓబమ్మ అందుకుంది. "గ్రహణం వచ్చినప్పటికి మూడో నెల. ఇది మొదటి నెలలోనే అయిపోయిండాది. తువాలు యాడిది అప్పటికి?"

"రాహువుకి నీ మాదిరి కేలండరుందా వదినా, చూసుకుని పట్టేకి? వచ్చేది వానికి ముందే తెలుస్తాది."

డాక్టరు చీటీ పుస్తకం దగ్గరికి లాక్కుంది. బయట ఇంకో పేషెంటును నర్సు పిలుస్తోంది. "ఈరోజే చేర్చండి, కాన్పు చేయించేయాలి. ఆలస్యమైతే తల్లికి కష్టం," అని చీటీ రాసింది. "ఇంకోసారి కడుపు కావాలనుకుంటే ముందు నుంచే ఈ మాత్రలు మింగాలి. మర్చిపోవద్దు." ఆ చీటీని సుమ చేతిలోనే పెట్టింది.

వసారాలోకి వచ్చాక ఓబమ్మకు ఎవరినైనా కొట్టాలనిపించింది. చక్రధర్‌ను, లారీలను, ఆ డాక్టరమ్మను. లోకంలో ఇన్ని మాటలుండగా ఆమెకు మడత అనే మాటే దొరికిందా? ఎదురుగా ఉచ్చంగెమ్మ పమిటతో కళ్లు తుడుచుకుంటోంది.

"చేర్పిద్దాం వదినా. ఆ పని ముగియనీ. తర్వాత నీ కూతుర్ని నువ్వు తోలుకపో. మౌనేష్‌కి నేను చెప్పుకుంటా."

సుమ బెంచీ మీద ఇంకా చిన్నదైపోయింది. ఓబమ్మ దాన్ని చూసింది. నిజం ఈ చెవుల్లోకి పోదు. ఎంత తోసినా ఆ సందులో పట్టదు. పట్టేది ఇంకేదో కావాలి.

"వదినా," అంది. "గ్రహణం పొద్దు మా యూనిట్ మూయలేదు. నేను మిషను ఆపలేదు."

ఉచ్చంగెమ్మ పమిట కిందికి దించింది.

"పట్టినప్పట్నుంచి ఇడిచేదంక మడతలు తిప్పుతానే ఉండా. ఒకటి గాదు, గుట్ట. దీన్ని కన్న కడుపు నాది. నా కడుపులోంచి దాని కడుపులోకి తగిలిండాది. తువాలు ముక్క ఏం చేస్తాది వదినా?"

ఉచ్చంగెమ్మ ఆమె వేళ్ల వైపు చూసింది. నీలం గోళ్ల వైపు.

"మిషను మడతలా?"

"ఊఁ."

"బుద్ధుండల్ల గదా నీకు! కూతురు కడుపుతో ఉండాదని తెలిసి..." తర్వాతి మాటలో కోడలి మీద కోపం లేదు. "సుమని నేనే తోలుకపోతా. నువ్వు మాత్రం మా గడప తొక్కొద్దు. దానికి మళ్ళా కాన్పయ్యేదంక దాని పక్కకి రావద్దు."

"రాను," అంది ఓబమ్మ.

గెలిచింది. పరుగు పందెంలో గెలిచి, ఊపిరాడక కూలబడినట్టు ఉంది. పక్కన సుమ అంతా విన్నది. దాని కళ్లు కూడా అమ్మ వేళ్ల మీదే ఉన్నాయి.

రెండో రోజు తెల్లవారేసరికి అయిపోయింది. నర్సు ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన చిన్న మూటను తెచ్చి చూస్తారా అని అడిగింది. సుమ గోడ వైపు తిరిగింది. ఉచ్చంగెమ్మే ముందుకొచ్చి అందుకుంది. గుడ్డ తొలగించి చూసి, మళ్లీ కప్పింది. "ఆడబిడ్డ," అని మాత్రం అంది. ఆ మూటను గుండెకు ఆనించుకుని, నర్సు అడిగే దాకా ఇవ్వలేదు.

ఆ మరుసటి పొద్దున పంపించేశారు. ఉచ్చంగెమ్మ ఆటో మాట్లాడటానికి గేటు దాకా వెళ్లింది. ఓబమ్మ మంచం మీది శాలువా తీసి, అలవాటు కొద్దీ అంచూ అంచూ కలిపింది.

"వద్దుమా," అంది సుమ.

"ఏంది?"

"నువ్వు మడతెయ్యొద్దు." కూతురి గొంతులో కోపం లేదు. భయం ఉంది. "అట్లే ఇచ్చేయ్."

డాక్టరమ్మ చెప్పింది నువ్వు కూడా విన్నావు గదే, అనబోయింది ఓబమ్మ. అంటే గేటు దగ్గర ఆటో దీన్ని ఎక్కించుకోకుండా వెళ్లిపోతుంది. శాలువాను ఉన్నదున్నట్టు కూతురి చేతుల్లో పెట్టింది.

"ఉండు. ఎళనీరు తెస్తా. రాత్రి నుంచి ఏం తాగలేదు నువ్వు."

వీధి మలుపులో బండివాడు కొబ్బరి బోండాన్ని చెక్కి, కన్ను తెరిచి, గొట్టం గుచ్చి ఇచ్చాడు. నీళ్లు తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కింది. వార్డులో మంచం ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే, కప్పగల్లు వైపు తిరిగిన ఆటో వెనక భాగం ఒక లారీ పక్కకు దూరి కనిపించకుండా పోయింది.

నర్సు దుప్పటి మార్చడానికి వచ్చి, తప్పుకోమంది. ఓబమ్మ తప్పుకుంది. యూనిట్‌కు వేళవుతోంది. సూది కింద వదిలొచ్చిన ఆ ప్యాంటు కాలు బసవ్వ చేతిలో ఏ వంకర తిరిగిందో.

ఆమె వెళ్లాక, మంచం పక్కన ఇనుప స్టూలు మీద ఎళనీరు అలాగే ఉంది. గొట్టం ఒక పక్కకు వాలింది. లోపల నీళ్లు అంచు దాకా నిండుగా ఉన్నాయి.