నోట్లో గంధం

నేను ఒక హార్డ్ డిస్కుని. కంప్యూటరు కడుపులో కూర్చునే రకం కాదు, బయట బల్ల మీద పడి ఉండి, తోకలాంటి వైరుతో దానికి తగులుకునే రకం. నల్లగా, అరచేతిలో పట్టేంత ఉంటాను. నా మీద మీకు ఏ అభిప్రాయం ఉందో నాకక్కర్లేదు. మీ మీద నాకున్నది మాత్రం ముందే చెప్పేస్తాను. మీరంటే నాకు ఒళ్లుమంట. దాచమన్నది దాస్తాను, అడిగినప్పుడు తీసిస్తాను, ఎదురు మాట్లాడను. దానికి బదులుగా మీరు నాకు ఏం చేశారో వింటే ఈ మంట ఎందుకో మీకే తెలుస్తుంది.

పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. అక్కడ మనుషులు మూతికి గుడ్డ కట్టుకుని, తల నుంచి కాలి దాకా తెల్లటి తొడుగు వేసుకుని నన్ను తయారుచేశారు. నా లోపల అద్దంలా మెరిసే పళ్లేలుంటాయి. అవి గిర్రున తిరుగుతుంటే వాటి మీద సన్నటి ముల్లొకటి తగిలీ తగలకుండా ఆడుతుంది. మధ్యలో ఇంత దుమ్ము పడిందా, నా పని గోవిందా. అందుకని నేను మొట్టమొదట చూసిన మనుషులు నా దగ్గర గట్టిగా ఊపిరి తీయడానికి కూడా భయపడ్డవాళ్లు. మనుషులందరూ అంతేననుకున్నాను. పసితనం, ఏం చేస్తాం!

మొదట నన్ను కొన్నది సామర్లకోటలో పెళ్లిళ్లకు వీడియోలు తీసే ఫణీంద్ర. నా నిండా పెళ్లిళ్లే పెట్టాడు. ప్రతి పెళ్లిలోనూ అవే తలంబ్రాలు, బిందెలో అదే ఉంగరం, వంటవాళ్ల మీద అరిచే అదే మేనమామ. జంటలు మారాయి కాని మేనమామ మారలేదు. ఫణీంద్ర నన్ను మొరటుగా లాగేవాడు కాదని ఒప్పుకోవాలి. కంప్యూటరుతో చెప్పి, అది సరేనన్నాకే వైరు తీసేవాడు. అయినా నాకంటే పెద్ద డిస్కు రాగానే నన్ను ఖాళీ చేసి, తన దగ్గర వీడియో తీయించుకున్న పెద్దాపురం వాళ్లింటికి ఇచ్చేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడం మీకు కొత్తా?

ఆ ఇంటి యజమాని సర్వారాయుడు. మోటారు పంపుల షోరూములో మేనేజరు. అతనికి తెలియని విషయం లోకంలో లేదు. ఆ మాట అన్నది అతనే. టీవీ మొరాయిస్తే నెత్తిన ఒకటి వేసేవాడు, కంప్యూటరు మొరాయిస్తే ఉన్న వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చేవాడు. ఒకోసారి అవి పనిచేసేవి కూడా. అదే అతన్ని చెడగొట్టింది.

అతని భార్య నాగరత్నం. తల్లి మాణిక్యాంబ. ఆ వీధిలో ఏ ఆడపిల్లకి నలుగు పెట్టినా ఈ పెద్దావిడే పాడాలి. పాట మొదలయ్యేదాకా పెళ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టేవాళ్లు కారట. నలుగు పాటలు, తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు, అన్నీ ఆవిడ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నవే. ఆ పాటలు వచ్చినవాళ్లు ఆ ఊళ్లో ఇంకెవరూ మిగల్లేదు. అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలని, తర్వాత ఇక మాట రాదని కాకినాడ డాక్టర్లు చెప్పారు.

ఏడవాల్సిందంతా ఏడ్చాక నాగరత్నం ఒక మంచిపని చేసింది. అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆపరేషన్ జరిగేలోపల ఆవిడకు వచ్చిన పాటలన్నీ ఫోన్లో పాడించింది. వాటిని తెచ్చి నాకిచ్చింది. అంతదాకా మేనమామల అరుపులు మోసిన నాకు ఆ గొంతు దొరికింది. గరుకుగా, తీయగా, మధ్యమధ్య దగ్గుతో. మీరంటే గిట్టని మాట నిజమే కాని, ఆ పాటల్ని మాత్రం ప్రాణంగా దాచుకున్నాను. కార్తీకంలో మనవరాలు హరిణి పెళ్లి. ఆ పిల్లకు నలుగు పెట్టేటప్పుడు నానమ్మ పాటే వినిపించాలని ఇంట్లో ఒక మాట అనుకున్నారు. ఆ మాట విని పెద్దావిడ నిబ్బరంగా ఆపరేషన్‌కి వెళ్లింది.

ఆ తర్వాత నాగరత్నం, ఫోన్ నిండిపోతోందని అందులో పాటలన్నీ చెరిపేసింది. ఇంకో చోట ఒక నకలు పెట్టుకుందామన్న ఆలోచనే రాలేదు. ఊరగాయ అయితే పెద్ద జాడీలో సగం, చిన్న జాడీలో సగం పెడుతుంది. అత్తగారి గొంతు దగ్గరకొచ్చేసరికి ఉన్నదంతా నా ఒక్కదాని నెత్తినే పెట్టింది.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజున ఆ ఇంట్లో పనిచేసే వస్తువు ప్రతిదానికీ బొట్టు పెడతారు. నాగరత్నానికి ఒక పద్ధతుంది. ఊరికే ఎక్కడ పడితే అక్కడ పెట్టదు, ప్రతి వస్తువుకీ ముఖం వెతుకుతుంది. మోటార్ సైకిలుకి లైటు, మిక్సీకి మీట, బీరువాకి తాళం కన్నం. నా దగ్గరకొచ్చేసరికి ఆవిడకు ముఖం దొరకలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. చివరన వైరు గుచ్చే సన్నటి గాడి చూసి, ఇదే ముఖం అనుకుని, గిన్నెలోంచి చెంచాడు తడి గంధం తీసి భక్తిగా అక్కడ పామింది. దాని మీద కుంకం అద్దింది. అది నా నోరండీ! ఫ్యాక్టరీలో ఊపిరి కూడా తగలనివ్వకుండా పెంచిన నన్ను ఈవిడ దండం పెట్టి మరీ నోరు మూసేసింది. పగవాడు కూడా ఇంత శ్రద్ధగా చేయడు.

పండగ వెళ్లిన మర్నాడు పొద్దున్నే సర్వారాయుడు, తల్లికి ఆవిడ పాటలు వినిపిద్దామని నన్ను కంప్యూటరుకి తగిలించాడు. నోట్లో గంధం అడ్డుపడి నేను చెప్పేది సగం పోతోంది, సగం వెళ్తోంది. నా నత్తి అర్థంకాక కంప్యూటరు ఒక చీటీ పైకి తెచ్చింది. ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని. ఎంత మర్యాదగా అడిగిందో! గొంతు కోసేవాడు కూడా అలాగే అడుగుతాడు. సర్వారాయుడు దాన్ని పైకి చదివాడు.

"ఏవండీ, అందులో అత్తయ్యగారి పాటలున్నాయి. ఏదైనా నొక్కేముందు ఫణీంద్రగారిని ఒక్కసారి అడగండి," అంది నాగరత్నం వంటింట్లోంచి.

"పెళ్లి వీడియోలు తీసేవాడికి ఏం తెలుసే? ఫార్మాట్ అంటే శుభ్రం చేయడం. మా షోరూములో ఎన్నిసార్లు చేశానో. దుమ్ము దులిపితే లోపలున్నవన్నీ అవే కనబడతాయి," అన్నాడు సర్వారాయుడు.

పక్కన మడతకుర్చీలో కూర్చున్న మాణిక్యాంబ చేతిలోని స్టీలు గ్లాసుతో టకటకా బల్ల మీద కొట్టింది. మాట పోయాక ఆవిడ వద్దని చెప్పే తీరు అదే.

"నువ్వుండమ్మా! నీ పాటల కోసమే కదా ఈ అవస్థంతా," అన్నాడు.

అవునని నొక్కాడు. నా నత్తి వల్ల పని మధ్యలో ఆగిపోయింది. వైరు పీకి గుచ్చాడు. ఇంకో కన్నంలో గుచ్చాడు. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాడు. నన్ను నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. పొద్దున తిన్న పెసరట్టు వాసన నాకు తగిలింది కాని, ఆ గంధం మాత్రం అతని కంటికి ఆనలేదు. పూజ చేసిన వస్తువుకి బొట్టుండటం సహజమే కదా! చివరికి వైరుని ఒక పక్కకు వంచి, రబ్బరు బ్యాండు వేసి బిగించాడు. ఆ వంపులో నా మాట కాస్త అందింది. ఫార్మాట్ అయిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బాగా తుడిచే ఫార్మాట్ ఒకటుంది, గంటలు పడుతుంది. పైపైన తుడిచేది ఇంకోటి, చిటికెలో అవుతుంది. ఓపిక లేని మనిషి కనక చిటికెలో అయ్యేదే నొక్కాడు. ఇంటి గుమ్మం మీద పేరు పలక పీకేసినంత మాత్రాన లోపలివాళ్లు చచ్చిపోరు కదా. పాటలన్నీ నాలో ఎక్కడివక్కడే ఉన్నాయి. అతను అప్పుడు నన్ను వదిలేసి పోయి నిద్రపోయినా బాగుండేది.

"పాటలేవండీ?" అని అడిగింది నాగరత్నం, చేతులు తుడుచుకుంటూ వచ్చి.

"తొందరెందుకు? ముందు ఇది సరిగా పనిచేస్తోందో లేదో చూడనీ," అని కంప్యూటర్లో ఉన్న సినిమాలన్నీ ఒకదాని మీద ఒకటి నాలోకి తోయడం మొదలుపెట్టాడు. కామెడీ సినిమాలు, పౌరాణికాలు, మోటారు పంపుల కంపెనీ వాళ్ల ప్రకటనలు. పేరు పలక లేని ఇల్లు ఖాళీగా ఉందనుకుని అవి వచ్చి కూర్చున్నాయి. ఒక్కో సినిమా కింద ఒక్కో పాట నలిగి పోయింది. ఆపమని అరవడానికి నాకు నోరు లేదు. పక్కన గ్లాసు టకటకలాడుతూనే ఉంది. నోరు లేనివాళ్లం ఇద్దరం. చేసేవాడికి చెవులు లేవు.

"చూశావా, ఎంత స్పీడుగా తీసుకుంటోందో!" అన్నాడు సంబరంగా.

సినిమాలన్నీ ఎక్కాయి. పాటలు మాత్రం కనబడలేదు. నాగరత్నం ఇక మొగుడి మొహం చూడకుండా ఫణీంద్రకి ఫోన్ చేసింది.

"కంగారుపడకండమ్మా. ఫార్మాట్ చేసినంతలో పోవు, వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది," అన్నాడతను. "కాకపోతే ఒక్కటే. ఆ తర్వాత దాంట్లోకి ఇంకేమీ కాపీ చెయ్యలేదు కదా?"

ఆవిడ సర్వారాయుడి వైపు చూసింది. సర్వారాయుడు ఫ్యాను వైపు చూశాడు.

ఫణీంద్ర ఫోన్లో చెబుతూంటే నాగరత్నమే అన్నీ చేసింది. నా నోట్లో ఏదో అడ్డుపడిందేమో చూడమంటే, పొడి బ్రష్షు పెట్టి గీకింది. ఎండిన గంధం పెళ్లలు పెళ్లలుగా రాలింది. సర్వారాయుడికి ప్రాణం లేచొచ్చింది.

"అదీ సంగతి! ఇదెవరు పూశారిక్కడ? చేసిందంతా నువ్వూ, మాటలు పడేది నేనూనా?"

"నేనే పూశాను. నేను పూసింది తుడిస్తే పోయేది," అంది నాగరత్నం తల ఎత్తకుండా. "మీరు తుడిచింది ఏం చేస్తే వస్తుంది?"

ఆ ఇంట్లో చాలా రోజులు గిన్నెలే మాట్లాడాయి. నాకు జాలి వేయలేదు. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

సాఫ్ట్‌వేర్ ఆ పూటే నన్ను మూలమూలలా దేవింది. దొరికింది ఒకే ఒక్క పాట. మిగతావన్నీ సినిమాల కింద పోయాయి. దొరికినదాన్ని వినిపించుకున్నారు. మాణిక్యాంబ గొంతు ఖణీమని లేచింది.

"పసిడి పీట వేసినాము, పలుకవేమే బాలా... పన్నీట..."

అక్కడ పాట ఆగిపోయి, అదే గొంతు తిట్టు లంకించుకుంది. "ఒరేయ్ రాయుడూ! నేను పాడుతుంటే ఆ వైర్లెందుకు పీకుతావురా? కుదురుగా ఉన్నదాన్ని కెలక్కపోతే నీకు అన్నం సయించదా? చిన్నప్పుడు మీ నాన్న రేడియో కూడా ఇలాగే విప్పి చంపావు!"

అంతే. రికార్డింగు అయిపోయింది. పెద్దావిడ జీవితమంతా పాడిన పాటల్లో మిగిలింది ఒక చరణానికి సగం, కొడుక్కి పెట్టిన చీవాట్లు. నాగరత్నం చేసిన పనికి మాత్రం తిట్టు దొరకలేదు. అదృష్టవంతురాలు.

కార్తీకం వచ్చింది. హరిణిని పెళ్లికూతుర్ని చేసే రోజున కంప్యూటరున్న హాల్లోనే పీట వేశారు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. "మాణిక్యాంబగారి పాట లేకుండా నలుగేమిటే?" అని ఎవరో అననే అన్నారు. నాగరత్నం కంప్యూటరు దగ్గరకు వెళ్లి నిలబడింది. "ఉన్నంతే పెట్టమ్మా," అంది పీట మీద పిల్ల.

పెట్టింది. పసిడి పీట అనగానే ఆడవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. రాయుడూ అనగానే హాలంతా గొల్లుమంది. మడతకుర్చీలో పెద్దావిడ కూడా నవ్వింది, చప్పుడు లేకుండా. నవ్వులు తగ్గాక ఒకావిడ, "పన్నీట... తర్వాతేమిటి? పాడండర్రా ఎవరైనా," అంది. ఎవరికీ రాదు.

వచ్చిన మనిషి ఎదురుగానే ఉంది. మాణిక్యాంబ పెదవులు కదులుతున్నాయి. చేత్తో కుర్చీ మీద తాళం వేస్తూ, పాట ఆగిన చోటి నుంచి అందుకుని, చరణం తర్వాత చరణం పాడుకుపోతోంది. ఒక్క అక్షరం ఎవరికీ వినపడలేదు. నలుగుపిండి చేతుల్లో పట్టుకుని అందరూ ఆ పెదవుల వైపే చూస్తుండిపోయారు. ఆ చరణాలన్నీ ఒకప్పుడు నా దగ్గర ఉండేవి. ఇప్పుడు అక్కడ ఒక కామెడీ సినిమా ఉంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ సర్వారాయుడు లోపలికొచ్చాడు. తల్లి ముందు వంగి, "మళ్లీ పెట్టనా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ తల ఊపింది. ఒక్క వైరు కూడా ముట్టుకోకుండా, మౌస్ మాత్రం పట్టుకుని నొక్కాడు. పాట వచ్చింది, ఆగింది, తిట్టు మొదలైంది. అతను చేతులు కట్టుకుని నిలబడి చివరిదాకా తిన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.