గుండీల కార్ఖానా పంచనామా

పదకొండేళ్లలో మొగులయ్య నూటికి పైగా పంచనామాల మీద సంతకం పెట్టాడు. ఒక్కటంటే ఒక్కటి చదివిన పాపాన పోలేదు.

దబీర్‌పురా రైలు పట్టాలకు ఇవతల, పోలీసు ఠాణా గేటు పక్కనే అతని చాయ్ బండి. నేరం జరిగిన చోటికి పోలీసులు పోతారు, కనిపించిందంతా కాగితం మీదికి ఎక్కిస్తారు, అది నిజమేనని ఇద్దరు బయటివాళ్లు సంతకం పెట్టాలి. ఎవరు పెడతారండీ? కోర్టు మాట వింటేనే దుకాణాల వాళ్లు షట్టర్లు దించుకుంటారు. మొగులయ్య మాత్రం రమ్మంటే వస్తాడు, వేలు చూపిన చోట పెడతాడు. అందుకే ఆ రోడ్డు మీద ఎన్ని బండ్లు లేపేసినా అతని బండి జోలికి ఎవరూ రాలేదు. ఇందులో తప్పేమిటో అతను ఆలోచించనూ లేదు, అడిగినవాళ్లూ లేరు.

అంతకుముందు ఇరవై ఆరేళ్లు అతను గుండీల కార్ఖానాలో ఫిట్టరు. చొక్కాలకు కుట్టే గుండీలు అక్కడే తయారై అఫ్జల్‌గంజ్ దుకాణాలకు గోతాల్లో పోయేవి. లోపల పన్నెండు జర్మనీ మిషన్లు. ఒక్కోదానికి పనివాళ్లు ఒక్కో పేరు పెట్టుకున్నారు. నేలంతా అదరగొట్టేది రౌడీ. పొద్దస్తమానం ఒకే తీరున నడిచేది మున్షీ. బతిమాలనిదే కదలనిది దుల్హన్, అంటే పెళ్లికూతురు. దుల్హన్‌ను నడిపించడం మొగులయ్య ఒక్కడికే చేతనవును. మొదటి రెండు చుట్లు బెల్టును అరచేత్తో అదిమి పట్టాలి. కాస్త ఎక్కువ అదిమితే అలుగుతుంది, తక్కువ అదిమితే లెక్కచేయదు. గుండీలు ఏరే బల్ల దగ్గర కూర్చునే రాజమణి ఈ సంబడమంతా చూసి, "మిషన్నే గింతగనం బతిమాలుతుండు, పెండ్లాన్ని ఎంత బతిమాల్తడో" అని పకపకా నవ్విందట. ఆ నవ్వే మూడు ముళ్ల దాకా తీసుకుపోయింది.

తర్వాత బయటినుంచి కిలోల లెక్కన అగ్గువ ధరకు గుండీలు వచ్చిపడ్డాయి, సేటు తాళం వేశాడు. ఆ గల్లీలో అంతకుముందే ఐసు కార్ఖానా ఫంక్షన్ హాలైంది, బ్యాటరీల కార్ఖానా కార్లు నిలిపే జాగా అయింది. గుండీల కార్ఖానా ఒక్కటే మిషన్లను కడుపులో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. మొగులయ్య తొమ్మిదేళ్లు రోజూ పొద్దున బండి తెరిచేముందు ఆ గేటు సందులోంచి లోపలికి తొంగి చూసేవాడు. రెండేళ్ల కింద ఎవరో గేటుకు రేకులు కొట్టేశారు. అప్పటినుంచి చూడడానికేమీ లేకపోయినా పోయి, రేకు మీద చెయ్యిపెట్టి నిలబడి వచ్చేవాడు.

"ఏందయ్యా, దర్గాకు పోయినట్టు దినాం పోతవ్. ఏమిస్తదది నీకు?" అనేది రాజమణి.

ఏమివ్వాలి? ఒక్క పూట, చచ్చేలోగా ఒక్క పూట, దుల్హన్ చప్పుడు మళ్లీ వినాలి. ఇంతే అతని కోరిక. యాభై అయిదేళ్ల మనిషి పైకి చెప్పుకునే కోరికా ఇది? అందుకే మెదలకుండా చాయ్ మరిగించుకునేవాడు.

మొన్న మే నెలలో ఒకనాడు తెల్లవారుజామున ఆ కార్ఖానా తగలబడింది. ఫైరింజన్లు గల్లీ తిరిగే సరికే కప్పు కూలింది. గేటు బయట వాచ్‌మన్ అరుగు మీద పడుకుని ఉన్న ఎల్లేష్‌ను పోలీసులు పట్టుకుపోయారు. ఎల్లేష్ ఒకప్పుడు అక్కడే ప్యాకింగ్‌లో పనిచేసినవాడు. పని పోయాక తాగుడు పట్టుకుంది, ఇల్లు పోయింది, ఆ అరుగే ఇల్లయింది. జేబులో బీడీలూ అగ్గిపెట్టే దొరికాయి. ఇంకేం కావాలి?

పది గంటలకు హెడ్ కానిస్టేబుల్ జగదీశ్వర్ బండి దగ్గరికి వచ్చాడు. "మొగులయ్యా, నడువ్. పంచనామా."

ఎక్కడికని అడగలేదు మొగులయ్య. కాళ్లు వాటంతటవే నడిచాయి.

లోపల ఇంకా పొగ లేస్తూనే ఉంది. గోతాల్లో మిగిలిన గుండీలు కరిగి నేల మీద గడ్డకట్టాయి. ఒక మూల ఇనుము కుప్పగా పడి ఉంది. బీమా కంపెనీ మనిషి ఫొటోలు తీసుకుంటున్నాడు. పక్కన పాత మేనేజరు వామన్‌రావు చేతిలో జాబితాతో నిలబడ్డాడు. మొగులయ్యను పద్దెనిమిదో ఏట పనిలో పెట్టుకున్నది ఆయనే. కార్ఖానా మూతబడ్డాక కూడా సేటు కాగితాల పని సంతోష్‌నగర్ ఇంట్లోనుంచి ఆయనే చూస్తున్నాడు.

రెండో సాక్షి పంక్చర్ల భిక్షపతి ఇట్టే సంతకం పెట్టి వెళ్లిపోయాడు. మొగులయ్య మాత్రం ఇనుప కుప్ప దగ్గరికి పోయి వంగి చూశాడు. పాత షట్టర్లు, సైకిల్ ఫ్రేములు, నీళ్ల మోటారు. అతని మిషన్ల ముక్క ఒక్కటి లేదు. దుల్హన్ ఉండాల్సిన చోటికి పోయాడు. నేలలోంచి నాలుగు బోల్టులు పైకి లేచి ఉన్నాయి, నట్లు లేవు. పోత ఇనుము గుండీల మంటకు కరిగిపోతుందా? చెప్పేవాడికి బుద్ధి లేకపోతే వినేవాడికన్నా ఉండాలి. అసలు మిషన్ అక్కడ ఉండగా మంట వస్తే దాని కింద నేల తెల్లగా మిగలాలి, అవునా? నాలుగు బోల్టుల మధ్య నేల కూడా మాడి నల్లగా ఉంది. మిషన్లు పోయాకే మంట వచ్చింది.

"సంతకం పెట్టు, ఎండ మండుతున్నది" అన్నాడు జగదీశ్వర్.

"చదివి పెడ్త సార్."

జగదీశ్వర్ అతన్ని ఎగాదిగా చూశాడు. "ఎన్నడు లేంది ఇయ్యాల చదువుడేంది?"

ఎల్లేష్ తాగి పారేసిన బీడీ వల్ల నిప్పు అంటుకుందనీ, పన్నెండు మిషన్లు ఎందుకూ పనికిరాకుండా కాలిపోయాయనీ రాసి ఉంది. మొగులయ్య రెండుసార్లు చదివాడు. కాగితం చేతిలోనే ఉంది. వామన్‌రావు వచ్చి అతని మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయాడు.

"యాడున్నయ్ సార్?" అన్నాడు మొగులయ్య. ఎవరు కాల్చారని గానీ, ఎందుకు కాల్చారని గానీ అడగలేదు. అతనికి కావలసింది అదొక్కటే.

వామన్‌రావు నేల చూపులు చూశాడు. "జహీరాబాద్ దాటినంక ఒక షెడ్డుల ఉన్నయి. బతికే ఉన్నయి మొగులయ్యా. సేటు అమ్మేసిండు, ఇక్కడ కాలినయని బీమా పైసల కోసం రాపిస్తుండు. నేనేం జేస్త, ఆయన ఉప్పు తిన్నోన్ని."

"నడుస్తున్నయా?"

"పదకొండు నడుస్తున్నయి. దుల్హన్‌తోని ఎవ్వరికి చాతనైతలేదు. వాళ్లకు నీ పేరు చెప్పిన. నువ్వు ఈ సంతకం పెట్టు, వచ్చే సోమవారం నేనే తోల్కపోత. షెడ్డు పక్కనే ఇద్దరికి రూము ఇస్తరు. ఎల్లేష్‌దేముంది, ఆర్నెల్లల్ల బయటికొస్తడు. లోపలుంటే తాగుడన్న బందయితది."

దుల్హన్ పేరు వినగానే మొగులయ్య అరచెయ్యి దానంతటదే ముడుచుకుంది, బెల్టును అదిమినట్టుగా. సిగ్గులేని మనసు, ఎల్లేష్ పేరు వినపడ్డా వినిపించుకోలేదు. సాయంత్రం లోపల ఠాణాకే వచ్చి సంతకం పెడతానని చెప్పి బండి దగ్గరికి వచ్చేశాడు.

రాజమణికి చెబితే ఆమె చేతిలోని చాయ్ వడగట్టే జాలీ అలాగే ఉండిపోయింది. "నిజంగనా? రౌడీ గూడ ఉన్నదా? నన్ను తోల్కపోతవా?" అంది. ముఖమంతా వెలుగైంది. గుండీల బల్ల దగ్గర నవ్విన పిల్ల మళ్లీ కనిపించింది అతనికి. తర్వాత ఎల్లేష్ సంగతి చెప్పాడు. ఆమె గిన్నె దించి స్టవ్వు ఆర్పింది.

"ఏం జేద్దామంటవే?"

"నన్నడుగకు. అడిగితే పోదామంట. నాకు గూడ పానం గుంజుతున్నది" అంది.

అబద్ధమాడే మనిషి కాదామె. ఇక ఎవర్ని అడుగుతాడు? నాలుగు గంటలకు రోజూ లాగే ఠాణాలోకి చాయ్ తీసుకుపోయాడు. గోడకానుకుని కూర్చున్న ఎల్లేష్ గ్లాసు అందుకోలేదు. మోకాళ్ల మీద తలపెట్టుకుని ఏడుస్తున్నాడు.

"బీడీ ముట్టిచ్చిన్నేమో అన్నా. యాది లేదు. నాకు శిక్ష పడ్తదని ఏడుస్తలేనన్నా. మన మిషన్లను నా చేతులతోని కాల్చిన. దసరాకు రౌడీకి దండేసింది నేనే. నువ్వు కొట్టు అన్నా నన్ను, చెప్పుతోని కొట్టు."

ఊరుకోమన్నాడు మొగులయ్య. వాడు ఊరుకోలేదు. నేలకేసి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడిక మొగులయ్యకు ఆగలేదు. పక్కన కూలబడి వాడి తల రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నువ్వు కాల్చలేదుర. అవి బతికే ఉన్నయ్. అమ్ముకున్నరు. నువ్వేం జెయ్యలేదు."

ఎల్లేష్ ఏడుపు ఆపి అతన్నే చూశాడు. "నిజమా అన్నా? బతికే ఉన్నయా?"

"మస్తుగున్నయ్."

మాట నోరు దాటింది. ఆ ముఖం చూశాక, ఇదే నోటితో ఇంకో మాట చెప్పి, ఇదే చేత్తో ఆ కాగితం మీద సంతకం ఎట్లా పెట్టడం? నేరుగా జగదీశ్వర్ బల్ల దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"సార్, నేను చూసింది చెప్త, రాస్కోండ్రి."

బోల్టుల సంగతీ, కింద నల్లబడ్డ నేల సంగతీ, జహీరాబాద్ షెడ్డు సంగతీ అన్నీ చెప్పాడు. జగదీశ్వర్ కలం మూశాడు. "ముప్పై ఏండ్ల సర్వీసుల పంచ్ సాక్షి చూసింది చూసినట్టు చెప్పంగ వినుడు నాకిదే మొదలు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "చూడు మొగులయ్యా. ఆ మిషన్లు దొరికితే కేసు సామాను అయితయి. కేసు సామాను యాడ పెడ్తమో నీకెరుకే గద?" అన్నాడు.

ఎరుకే. పదకొండేళ్లుగా అతని బండి వెనకే ఉంది ఆ ఠాణా పెరడు. ఎన్నేళ్ల కిందటివో స్కూటర్లు, చక్రాల్లేని ఆటోలు, లోపలినుంచి చెట్టు మొలిచిన ఒక వ్యాను. అందులోకి వచ్చింది తిరిగి బయటికి పోగా ఎవరూ చూడలేదు.

"ఎరుకే సార్. రాయుండ్రి."

తొమ్మిదో రోజున ఎల్లేష్‌ను వదిలేశారు. సేటు ముందే బెయిలు తెచ్చుకున్నాడు. వామన్‌రావును మాత్రం తీసుకొచ్చారు, ఆయన బండి పక్కనుంచే నడుస్తూ ఇటు తల తిప్పలేదు. జులై మొదటి వారంలో రెండు లారీల్లో మిషన్లు వచ్చాయి. క్రేనుతో ఎత్తి పెరట్లో ఒకదాని పక్కన ఒకటి దించారు. రాజమణి గోడవారగా నిలబడి ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచింది. దుల్హన్ వచ్చేసరికి కొంగు నోట్లో కుక్కుకుంది.

మొగులయ్య చెయ్యి చాచబోతే జగదీశ్వర్ అడ్డుపడ్డాడు. "సీలు వేసినం. నువ్వు సాక్షివి. నువ్వు ముట్టినవనుకో, వాళ్ల వకీలు కేసే కొట్టేపిస్తడు."

"కోర్టు ఎప్పుడుంటది సార్?"

"అయిదేండ్లు పట్టచ్చు, పదేండ్లు పట్టచ్చు."

ఆ మధ్యాహ్నమే వాన మొదలైంది. నాలుగు రోజులు విడవలేదు. అయిదో రోజు ఎండ పొడిచేసరికి పన్నెండు మిషన్ల మీదా ఎర్రటి పొర దిగింది. ఇరవై అడుగుల దూరంలో నిలబడి మొగులయ్య పాలు మరిగిస్తున్నాడు. చేతిలో నూనె డబ్బా ఉంటే పావుగంట పని అది.

ఎల్లేష్ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. తాగి లేడు. గడ్డం గీయించుకున్నాడు. చాయ్ అందుకుని పెరటి వైపు చూశాడు, గ్లాసు నోటిదాకా పోలేదు.

"అన్నా, నన్ను ఇడిపించనీకె వాటిని సంపినవా?"

మొగులయ్య స్టవ్వు మంట తగ్గించాడు. రాజమణి గ్లాసులు కడగడం ఆపింది.

"చాయ్ సల్లారుతది, తాగు" అన్నాడు మొగులయ్య.