నిల్దాకి నప్పిన కళ్లద్దాలు

ఇది చిన్న కథ. మాతే ఆకుల టీ కోసం కాచిన నీళ్లు చల్లారేలోపు అయిపోతుంది. బట్టలు కుట్టే నిల్దా కళ్లద్దాలు కొనుక్కుంది, అంతే. కానీ కళ్లద్దాల కంటే ముందు డాక్టర్ లెర్మన్ సంగతి చెప్పాలి. ఆయన కంటే ముందు రొట్టెల కొట్టు నడిపే పొరోటా అనే ఆవిడ సంగతి చెప్పాలి. బ్యూనస్ ఐరిస్‌లో మా పేట వరకూ ఎవరికి ఏ జబ్బో తేల్చేది ఆవిడే మరి.

పొరోటా ఏళ్ల తరబడి మనోవిశ్లేషణకని మనసు డాక్టరు దగ్గరికి వెళ్తోంది. వాళ్ల నాన్న మీద కోపం లోపల ఎక్కడో ఉందట, ఇంకా దొరకలేదు, ఆవిడా డాక్టరూ కలిసి వెతుకుతున్నారు. మా పేటలో ఇది క్షవరానికి వెళ్లడం లాంటిదే. మాంసం కొట్టాయన ఒక డాక్టరు దగ్గరికి వెళ్తాడు, ఆయన పెళ్లాం ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తుంది. ఆ డాక్టర్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. నిల్దా ఒక్కతే ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. "నాకంత తీరిక లేదమ్మా" అనేది, పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకుని.

అలాంటిది చూపు ఆనక ఆమె సూదిలో దారం ఎక్కడం మానేసింది. మాంసం కొట్టాయన ప్యాంటు ఒక కాలు పొట్టిగా వచ్చింది. ఆయన అలాగే తొడుక్కు తిరిగాడు, తన నడకలోనే ఏదో లోపముందని డాక్టరుకి కూడా చెప్పుకున్నాడు.

నిల్దా, జులేమా కవలలు. అదే ముక్కు, అదే గడ్డం. కళ్లద్దాలుంటే అక్క జులేమా, లేకపోతే చెల్లెలు నిల్దా. చర్చి ఫాదరుకీ అదే గుర్తు. పోయిన చలికాలం ఊపిరితిత్తుల జబ్బుతో జులేమా పోయింది. ఆమె కూతురు మిర్తా, బడికెళ్లే పిల్ల, నిల్దా దగ్గరికి చేరింది. తండ్రి ఎప్పుడో పని వెతుక్కుంటూ దక్షిణానికి పోయాడు, ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

నిల్దా కళ్లద్దాల కొట్టుకి వెళితే దోన్ అన్సెల్మో ఒక నల్ల ఫ్రేము ఇచ్చాడు. ఆమె పెట్టుకుంది.

"ఏం జులేమా, బాగున్నావా?" అన్నాడు అన్సెల్మో.

"ఏదో, ఉన్నానండీ. మా మిర్తా తింటోందా?" అని అడిగి, జవాబు వినకుండానే జులేమా కళ్లద్దాలు తీసేసింది. పరాయి కుర్చీలో ఎక్కువసేపు కూచునే మనిషి కాదు. కుర్చీలో మళ్లీ నిల్దా ఉంది.

"ఇవి నీకు నప్పలేదు," అన్నాడు అన్సెల్మో.

గుండ్రటివి, కోలవి, తాబేటి చిప్ప రంగువి అన్నీ పెట్టి చూశారు. ప్రతిసారీ జులేమానే వచ్చేది, ఆ ఒక్క మాటే అడిగేది, తీసేసేది.

"ఆ కాసేపూ నువ్వెక్కడుంటావే?" అంది పొరోటా, సంగతంతా విని.

"అక్క ఉండే చోటే. అక్కడ చలి."

"ఇది కళ్ల జబ్బు కాదే పిచ్చిమొహమా. మనసు డాక్టరు లెర్మన్ దగ్గరికి పో."

మొదటి రోజు నిల్దా ఒక పెట్టె నిండా తీపి రొట్టెలు పట్టుకెళ్లింది. చుట్టాలింటికి వచ్చినట్టు బూట్లు విప్పి పక్కపక్కన పెట్టి, సోఫా మీద పడుకుంది. "మీ అమ్మగారు బాగున్నారా డాక్టరుగారూ? ఇక్కడ అమ్మల గురించే మాట్లాడాలటగా."

"ఊఁ," అన్నాడు లెర్మన్, ఆమె తల వెనక కూచుని.

"ఈ సోఫా కుట్టు ఎవరు వేశారండీ? విప్పి మళ్లీ వేయాలి."

"ఊఁ."

పోను పోను ఆమెకి ఇది నచ్చింది. తనకి కల రాని వారం పొరోటా కల అడిగి తీసుకెళ్లేది. ఆ కల పొరోటా తన డాక్టరు దగ్గర అప్పటికే వాడేసిందే అయినా, నిల్దా పట్టించుకునేది కాదు.

ఒకరోజు మిర్తా మాట వచ్చింది. "పిల్ల పేచీ పెట్టదండీ. ప్లేటు ఖాళీ చేస్తుంది, కడిగి బోర్లిస్తుంది. మంచినీళ్లిస్తే 'థాంక్స్ పిన్నీ' అంటుంది. రేపో ఎల్లుండో వెళ్లిపోయే చుట్టంలా ఉంటుంది. ఏడవనైనా ఏడవదు. అదేడిస్తే నేను ఓదార్చనా?"

"ఊఁ," అన్నాడు లెర్మన్. నిల్దాయే మాట మార్చింది. "అన్సెల్మో కొత్త ఫ్రేములు తెప్పిస్తున్నాడు. ఈసారైనా నప్పుతాయేమో."

"ఎవరికి?" అన్నాడు లెర్మన్.

నిల్దా నోరు తెరిచింది.

"ఇవాళ్టికి ఇక్కడ ఆపుదాం," అని ఆయన లేచాడు. వాళ్ల పద్ధతే అంత. ముడి వేయకుండా దారం తెంపి పంపేస్తారు.

కొత్త ఫ్రేములు వచ్చాయి. అందులో సన్నటిదొకటి, అంచు లేనిది, పెట్టుకుంటే అద్దంలో నిల్దాయే కనిపించింది. అన్సెల్మో చప్పట్లు కొట్టాడు. ఆమె అక్కడే సూదిలో దారం ఎక్కించింది. పొరోటా కేకు పంపింది. మాంసం కొట్టాయన ప్యాంటు తెచ్చి, నడక బాగుపడే రోజు వచ్చిందన్నాడు.

"దోన్ అన్సెల్మో, మొదట చూసిన ఆ నల్ల ఫ్రేముకి కూడా అద్దాలు బిగించండి," అంది నిల్దా.

"అవి నీకు నప్పవు కదా?"

"తెలుసండీ."

ఆ వారమంతా సన్న కళ్లద్దాలు పెట్టుకుని ఆమె కుట్టు మిషను ముందునుంచి లేవలేదు. ఇంట్లో ఉన్న బట్టలన్నీ కుట్టి, ఇస్త్రీ చేసి, ఎవరివి వాళ్లకి చేర్చింది. మిర్తాకి ఇంకో రెండేళ్ల తర్వాత కూడా సరిపోయే కోటు కుట్టింది. కొత్త కళ్లద్దాల మోజు అనుకున్నాం మేమంతా. మేం అనుకున్నవి ఎప్పుడు నిజమయ్యాయి గనక.

గురువారం లెర్మన్ దగ్గర ఆమె బూట్లు విప్పలేదు, పడుకోలేదు. సోఫా అంచున కూచుంది.

"ఆవేళ 'ఎవరికి' అని మీరడిగినదానికి జవాబు దొరికిందండీ."

"ఊఁ," అన్నాడు లెర్మన్. ఆ తర్వాత తన ఉద్యోగంలో ఎన్నడూ అనని మాట అన్నాడు. "ఇంకాసేపు ఉండొచ్చు."

"లేదండీ. బడి వదిలే వేళయింది."

బడి గేటు ముందు నిల్దా సన్న కళ్లద్దాలు తీసి సంచిలో వేసింది. నల్లవి పెట్టుకుంది. బడి యూనిఫారం తెల్ల కోట్లు తొడుక్కున్న పిల్లలు గుంపుగా బయటికి వచ్చారు. మిర్తా చూసింది. థాంక్స్ చెప్పలేదు. "ఎక్కడికి పోయావు? ఎందుకింత ఆలస్యం చేశావు?" అని అరుస్తూ వచ్చి, పుస్తకాల సంచితో తల్లిని కొట్టింది. ఆ తర్వాత వీధంతా వినేలా ఏడ్చింది.

జులేమా అలవాటు ప్రకారం కళ్లద్దాల వైపు చేతులెత్తింది. మిర్తా ఆ రెండు చేతులూ పట్టేసుకుంది.

జులేమా ఆ కళ్లద్దాలు ఇప్పటికీ తీయలేదు. పడుకునేటప్పుడు కూడా తీయదు. నిల్దా ఇంక రాలేదు.