ఇద్దరు వీరాస్వాములు, ఒకే పేజీ

నేను ఒక నమోదును. చేత్తో పట్టుకుని చూడదగ్గ వస్తువును కాను. కాకినాడలోని ఒక నాటక గ్రంథాలయం కంప్యూటర్‌లో, ఒక మనిషి పేరూ, ఊరూ, చేసిన పనీ రాసి ఉన్న చిన్న పేజీని. నాలాంటివి అక్కడ పదకొండు వేలున్నాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఏ నాటకంలో పనిచేశారో చూపిస్తూ మా మధ్య గీతలుంటాయి. ఈ అల్లికను జ్ఞానజాలం అంటారు.

గ్రంథాలయాధికారి అనసూయగారు పాత కరపత్రాలు, పత్రికల ముక్కలు ఫొటోలు తీసి, భాష నేర్చిన ఒక యంత్రానికి ఇచ్చేవారు. అది చదివి, పేర్లు ఏరి, మమ్మల్ని తయారు చేసేది. 1955 నాటి కరపత్రంలో ‘హార్మోనియం: ఎం. వీరాస్వామి’ అన్న వరుస చూసి నన్ను పుట్టించింది. ఆ తర్వాత హార్మోనియం పక్కన ఆ పేరు ఎక్కడ కనబడినా తెచ్చి నాలో చేర్చింది.

నేను బాగా ఒళ్ళు చేశాను. రెండు ఊళ్ళలో పుట్టాను. నాటకాలకు వాయించాను, పిఠాపురంలో కొట్టు పెట్టి హార్మోనియంలు తయారు చేశాను. 1974లో చనిపోయి, 1982లో ఒక నాటక సమాజం వారి హార్మోనియం పెట్టెకు కొత్త గాలితిత్తి వేశాను. ఇదేమిటని ఒక్కరూ అడగలేదు. పైగా నన్ను చదివిన ఒకాయన పత్రికలో ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అని వ్యాసం రాశాడు. నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

ఆ ఏడాది గ్రంథాలయం వారు జిల్లాలో బతికి ఉన్న రంగస్థల కళాకారులకు సన్మానం తలపెట్టారు. పేర్ల జాబితా మా నుంచే తీశారు. అది పేపర్లో పడిన రెండో రోజున చంద్రకళ అనే ఆవిడ ఎనభై ఎనిమిదేళ్ళ తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది.

“మా నాన్నగారు మేడిశెట్టి వీరాస్వామిగారండి. జిల్లాలో సగం పెట్టెలు ఈయన చేసినవేనండి. పేరెందుకు లేదండి?”

అనసూయగారు నన్ను తెరిచి చూశారు. “ఈయన 1974లో పోయినట్టు ఉందమ్మా,” అన్నారు.

పెద్దాయన పకపకా నవ్వాడు. “ఆయ్, అలాగాండి? మరి పొద్దున్న రెండు పెసరట్లు లాగించిందెవరండి?”

చంద్రకళకు నవ్వు రాలేదు. “చదవండి, ఇంకా ఏం రాశారో,” అంది. అనసూయగారు మొత్తం చదివారు. భార్య పేరు వచ్చేసరికి పెద్దాయన ముఖంలో నవ్వు పోయింది.

“పోయింది మల్లిపూడి వీరాస్వామిగారండి. వాయించేది ఆయన. ఆయనకి పెళ్ళే అవలేదు. మా ఆవిణ్ణి తీసుకెళ్ళి ఆ మహానుభావుడికి కట్టబెట్టేశారు!” తర్వాత గొంతు తగ్గించాడు. “ఆయన నా కొట్లోనే పోయారండి. హార్మోనియం మెట్లు బాగు చేయించుకుని, శ్రుతి చూసుకుంటూ పెట్టె మీదకి ఒరిగిపోయారు. పిల్లాజెల్లా లేరు. నా సంగతి తర్వాత. ముందు ఆయన్ని వేరే రాయండి. నేను పోతే చెప్పేవాళ్ళుండరు.”

అనసూయగారు ఆ రోజంతా వేరే పని పెట్టుకోలేదు. యంత్రానికి కాగితాలన్నీ మళ్ళీ ఇచ్చి, ఏ కాగితం ఏ వీరాస్వామిదో, ఎందుకు అనుకుంటోందో చెప్పమన్నారు. ఊరు, సంవత్సరం, పని పోల్చి అది ఇరవై ఆరింటిని వేరు చేసింది. మిగిలిన మూడింటి దగ్గర మాత్రం ‘నేను చెప్పలేను’ అని రాసింది. ఆ మాట మొదట్లోనే అని ఉంటే నాకు ఇంత బరువు పెరిగేది కాదు. ఆ మూడూ పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి తేల్చాడు.

నా నుంచి కొట్టు, కూతురు, భార్య, తిత్తి అన్నీ వెళ్ళిపోయి మేడిశెట్టివారి పేరుతో కొత్త పేజీ అయ్యాయి. నేను మల్లిపూడివారిగా మిగిలాను. చిక్కిపోయానుగానీ తేలిగ్గా ఉంది. సన్మానం జాబితాలో కొత్త పేరు అప్పుడే ఎక్కింది.

“ఇద్దరి మధ్య గీత గీయాలండి. ఆయనకి మీరు ఏమవుతారు? పెట్టె చేసిచ్చినవారు అని రాయనా?” అన్నారు అనసూయగారు.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. “స్నేహితుడు అని రాయండి.”

ఆవిడ ఇబ్బందిగా కదిలారు. “ప్రతి గీతకూ ఆధారం చూపించాలండి. ఉత్తరమో, ఫొటోనో ఏదైనా ఉందా?”

“ఉత్తరాలెందుకండి, రోజూ కనబడేవాడికి? నేనున్నాను కదా.”

అనసూయగారు ఆయన వైపు ఒక్క క్షణం చూశారు. గీత గీసి, ఆధారం అన్న గడిలో నెమ్మదిగా టైపు చేశారు: ‘మేడిశెట్టి వీరాస్వామిగారు, ఎదురుగా కూర్చుని చెప్పగా.’