కృపాల్ తాతగారి కుర్చీ

ఈరోజు ఇంట్లో అమ్మ, నాన్న, రూఫస్ అంకుల్, నేను ఉన్నాం. జర్మనీలో మా ఎర్లాంగెన్ ఊరి తెలుగు క్రైస్తవ సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికైన కృపాల్ తాతగారు పదవి చేపట్టకముందే పోయారు. ఆ కుర్చీ మీద ఉపాధ్యక్షుడు రూఫస్ అంకుల్‌కు ఆశ.

"రూల్స్ చదువు తల్లీ, జర్మన్ నీకే వచ్చు," అన్నారాయన.

సంఘం రిజిస్టర్ చేయించేటప్పుడు నాన్న, పక్కవీధి తోటల సంఘం నియమాలనే పేరు మార్చి ఇచ్చేశారు. నేను మెల్లగా చదివాను.

"ఎన్నికైన అధ్యక్షులు పదవి చేపట్టకముందే మరణిస్తే, ఆ ఏడాది అతిపెద్ద గుమ్మడికాయ పండించిన సభ్యులే అధ్యక్షులు."

"గుమ్మడికాయేంటన్నా!" అంకుల్ నాన్నవైపు తిరిగారు.

"ఆ పేజీ చూళ్ళేదురా," అన్నారు నాన్న.

అమ్మ టీ అందిస్తూ, "నాది పదకొండు కిలోలు. ఇంకెవరూ వేయలేదు," అంది.

"ఆ పేజీ చింపేద్దాం," అన్నారు అంకుల్.

"సంఘాన్ని రిజిస్టర్ చేసిన కోర్టులో ఇంకో కాపీ ఉంది అంకుల్," అన్నాను.

"పెద్దల మాటల్లో పిల్లలకేం పని," అంటూ ఆయన నన్ను బయటికి పంపి తలుపేశారు.