ఖాళీ నంబరు దగ్గర ఆగిన లూపు

మా మేనమామకు చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉంది. మూడు బల్లలు, ఒక ఫ్యాను, ఆయన గొంతు. కోర్సు పూర్తి చేసి వచ్చిన నన్ను ఇంటి పిల్లనని చేర్చుకున్నాడు. ఇంటి పిల్లను కాబట్టి ఆయన తప్పులు మోసే పని కూడా నాదేనని అప్పుడు తెలియలేదు.

నాకిచ్చిన మొదటి పని ఒక పొట్ట డాక్టరు ఆస్పత్రిది. డాక్టరు రాని రోజుకు ముందు సాయంత్రమే రోగులకు వరుసగా ఫోను మోగి, 'రేపు డాక్టరుగారు రారు, రావద్దు' అని వినిపించాలి. జాబితాలోని పేర్లను ఒక్కొక్కటిగా తీసుకుంటూ, అదే పని మళ్లీ మళ్లీ చేసే లూపు అది. కొందరి నంబరు ఖాళీగా ఉంటుంది. అక్కడ 'కంటిన్యూ' అని రాస్తే లూపు ఆ ఒక్కరిని వదిలేసి తర్వాతివారి దగ్గరకు వెళుతుంది. 'బ్రేక్' అని రాస్తే మొత్తం ఆగిపోతుంది, మిగతావాళ్ల గతి గాలికే. కోర్సులో మొదట్లోనే చెప్పే పాఠమిది.

నేను కంటిన్యూ రాశాను. మామయ్య పక్కన కూర్చుని దాన్ని కొట్టేయించి బ్రేక్ పెట్టించాడు. తప్పు కనిపిస్తే ఆగిపోవాలి, అదే పద్ధతి అన్నాడు. మిగతావాళ్లకు ఫోను వెళ్లదని చెబితే, చూడు అని నాలుగు ఉత్తుత్తి పేర్లు వేసి ఖాళీ నంబరును చిట్టచివర పెట్టాడు. పైవాళ్లందరికీ వెళ్లింది. చివర పెడితే ఏది రాసినా ఒకటే, మధ్యలో పెట్టి చూడమని బతిమాలాను. నాకే పాఠాలు చెప్పేంతదానివయ్యావా అని లేచి వెళ్లిపోయాడు.

నిన్న సాయంత్రం లూపు నిజంగా నడిచింది. రెండో పేరుకే నంబరు లేదు.

పొద్దున్నే ఆస్పత్రి నుంచి కబురొచ్చి మామయ్యా నేనూ వెళ్లేసరికి హాలు కిటకిటలాడుతోంది. అందరూ పరీక్షల కోసం పరగడుపున వచ్చినవాళ్లే. ఒక పెద్దావిడ కడుపు పట్టుకుని గోడకు జారగిలబడింది. ఆస్పత్రి చూసుకునే మేనేజరమ్మ వాళ్లకు సర్దిచెప్పి, డాక్టరుగారు రేపు తప్పకుండా ఉంటారు, రేపు రండని చెప్పి, మమ్మల్ని గదిలోకి పిలిచింది.

మామయ్య నా మొహం కూడా చూడలేదు. "అమ్మాయి కొత్తదండీ, తొందరపడింది. క్షమాపణ చెబుతుంది" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. బయలుదేరే ముందే అమ్మ చెప్పింది, ఉద్యోగమిచ్చిన మామయ్య కదా, ఒక్క మాట పడితే అరిగిపోతావా అని. అరిగిపోతాను. మొదటి పనిలోనే చేతకానిదని పేరు పడితే రేపు నన్నెవరు గుమ్మం ఎక్కనిస్తారు?

"రాసింది నేనే మేడం. అలా రాయొద్దని చెప్పింది కూడా నేనే" అన్నాను.

మామయ్య నవ్వేశాడు, ఈ కాలం పిల్లలకు ముక్కు మీదే కోపమని. మేనేజరమ్మ ఆయన మాటే నమ్మింది. ఈ అమ్మాయిని ఇకమీదట మా పనిలో పెట్టకండి అంది.

మామయ్య హుషారుగా కుర్చీ లాక్కుని ఆ గదిలోని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. బ్రేక్ తీసేసి కంటిన్యూ పెట్టాడు. సరిచేశాను, ఇప్పుడే నడిపి చూపిస్తానన్నాడు.

"నొక్కకండి మామయ్యా. అందులో రేపు రారని ఉంది. అది నిన్నటికి రాసిన మాట."

"నువ్వు నోర్మూసుకుని అవతల నిలబడు."

వెళ్లి గోడ దగ్గర నిలబడ్డాను. ఆయన నొక్కాడు.

హాల్లో ఇంకా వెళ్లనివాళ్లలో ఒకరి ఫోను మోగింది. దాని వెనకే ఇంకోటి, ఆ తర్వాత గుక్కతిప్పుకోకుండా అన్నీ. రేపు రమ్మని ఇందాకే విన్నవాళ్లందరికీ, రేపు డాక్టరుగారు రారని వినిపించింది. జనం తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. ముందున్నది ఆ పెద్దావిడ కూతురు.

"ఎవరండీ ఈ పని చేస్తున్నది?" అని అడిగింది.

మామయ్య వేలు ఇంకా కీబోర్డు మీదే ఉంది. ఆయన నా వైపు తిరిగి, "మా అమ్మాయి..." అని మొదలుపెట్టాడు.

"ఆ అమ్మాయి గోడ దగ్గరుంది సార్. కుర్చీలో ఉన్నది మీరు" అంది మేనేజరమ్మ. "లేవండి. ఆ అమ్మాయిని కూర్చోనివ్వండి."