మా అత్తగారు, టోకు వ్యాపారి

నా ఉద్యోగమేమిటో చెబితే మా చుట్టాలెవరూ నమ్మరు. ఇంటికి సరుకులు పంపే ఆన్‌లైన్ కంపెనీలో కూర్చుని, ఏ పేటవాళ్లు ఓఆర్ఎస్ ప్యాకెట్లూ విరేచనాలు తగ్గే మాత్రలూ ఉన్నట్టుండి ఎగబడి కొంటున్నారో చూడటం నా పని. జనం డాక్టరు కన్నా ముందు ఫోన్‌నే నమ్ముతారు కదా. కొనుగోళ్లు పెరిగిన చోట మ్యాపులో ఎర్రచుక్క వెలుగుతుంది, అక్కడేదో జబ్బు పాకుతోందని నేను ఆరోగ్యశాఖకు ఫోన్ చేస్తాను. ఇప్పటికి రెండుసార్లు చేసి నవ్వులపాలయ్యాను. ఒకసారి అది పరుగుపందేనికి కొన్న సరుకు, ఇంకోసారి తిరిగి అమ్ముకునే దుకాణందారు. మూడోసారీ ఇలాగే అయితే ఫిర్యాదుల సెక్షన్‌కు పంపిస్తానని మా మేనేజరు తియ్యగా చెప్పాడు.

అందుకని ఒక పద్ధతి పెట్టాను. ఒకే ఫోన్ నుంచి ఇరవై ప్యాకెట్లు దాటితే వ్యాపారి కిందే లెక్క, ఖాతా ఆపేయడమే. మాకు పేర్లు కనిపించవు. ఆ గురువారం పొద్దున మా పేటలోనే, రెండు రోజుల్లో నలభై ప్యాకెట్లు కొన్న మహానుభావుడొకడు తగిలాడు. వీడి పని పట్టాలనుకుని టీ తాగుతూనే ఖాతా ఆపే బటన్ నొక్కేశాను. చుక్క మాయమైంది, నా ప్రాణం కుదుటపడింది.

అరగంటలో మా అత్తగారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, మీ కంపెనీవాళ్లకి బుద్ధుందా? నన్ను వ్యాపారినని ఆపేశారు."

అన్ని ప్యాకెట్లు ఎందుకత్తయ్యా అని నీరసంగా అడిగాను. తేలిందేమిటంటే, మా అపార్ట్‌మెంట్‌లో ఆర్డర్లన్నీ పెట్టేది ఆవిడేనట. పై అంతస్తు తాతగారికి అక్షరాలు ఆనవు, టైలరమ్మకు ఫోనంటే భయం, మిగతావాళ్ల కన్ను మా అత్తగారి డిస్కౌంటు మీద. మొన్నటి నుంచి పదకొండిళ్లలో వాంతులూ విరేచనాలూ. మరగబెట్టని నీళ్లు మా ఇంట్లో అత్తగారు ముట్టుకోనివ్వరు కాబట్టి, పొద్దున పోయి చీకటిపడ్డాక వచ్చే నాకు ఏమీ తెలియలేదు.

"టైలరమ్మ మనవరాలికి చుక్క నీళ్లు కూడా కడుపులో నిలవట్లేదు. దానికోసం తెప్పిస్తుంటే ఎవడోగానీ, వాడి చేతులు పడిపోను, ఆపేశాడు."

నా చేతులు ఒకసారి చూసుకున్నాను. సిగ్గేసింది, అంతకన్నా భయమేసింది. పిల్లను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని, ట్యాంకు నీళ్లు ఎవరూ తాగొద్దని చెప్పి, మేనేజరును అడక్కుండానే ఆరోగ్యశాఖకు ఫోన్ చేశాను. మళ్లీ మీరేనా అన్నారు. ఈసారి అత్తగారు చెప్పిన పదకొండు తలుపు నంబర్లు చదివాను. మధ్యాహ్నానికి వచ్చి చూస్తే, మురుగు గొట్టం పగిలి మంచినీళ్ల ట్యాంకులోకి కారుతోంది. పిల్లకు సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి బిస్కెట్ కావాలని పేచీ పెట్టిందట.

ఇంటికెళ్లగానే, మావాళ్లేదో పొరపాటు చేశారని, ఖాతా మళ్లీ తెరిపించానని గొప్పగా చెప్పాను. అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు.

"మీవాళ్లా? పొద్దున నీ గొంతు పీలగా వచ్చినప్పుడే తెలిసిందిలే. ఊరందరి కడుపులూ కనిపెట్టే దానివి, ఎదురింటి తలుపొకసారి తట్టి ఉంటే సరిపోయేది."

ఆవిడ గూట్లోంచి అతి పెద్ద గిన్నె తీసి నా ముందు పెట్టారు.

"చేతులు పడిపోలేదుగా. పదకొండిళ్లకీ నీళ్లు మరగబెట్టు."